మామూలు మనిషి కుర్చీ

క్యాన్సర్ పరిశోధనకు సాయం చేసే సంస్థలో పనిచేశానని చెబితే చాలు, జనం నన్ను దయామయురాలిలా చూస్తారు. మా సిద్ధగోరా బజారులో కూరగాయలావిడ నా సంచీలో కొత్తిమీర ఊరికే పడేస్తుంది. ఆ మంచి పేరు చెడగొట్టుకోవడానికి నేనెప్పుడూ తొందరపడలేదు. రిటైరయ్యాక, అలాంటి సంస్థల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ ఇంటికొచ్చి, "మీ రోజుల్లో ఎలా ఉండేది మేడమ్?" అని అడుగుతుంటారు. వాళ్లకి పద్ధతులు చెప్పి, టీ ఇచ్చి పంపిస్తాను. చెప్పకుండా దాచుకున్నది ఒక్కటుంది. నా ఉద్యోగం మొత్తంలో నాకు బాగా గుర్తున్నది, ఒక పేషెంటుని చూసి నేను కుళ్లుకున్న సంవత్సరం.

మా సంస్థ పెద్దదేమీ కాదు. జంషెడ్‌పూర్‌లో వ్యాపారాలు చేసుకునే నాలుగైదు కుటుంబాలు, ఇంట్లో క్యాన్సర్ చూసినవాళ్లు, కలిసి పెట్టుకున్నది. "మేం ఫలానా పరిశోధన చేస్తాం, మాకు సాయం చేయండి" అంటూ ఏటా డాక్టర్లూ శాస్త్రవేత్తలూ దరఖాస్తులు పంపేవారు. అందరికీ ఇవ్వలేం కాబట్టి, ముందు ఆయా రంగాల నిపుణులు వాటిని చదివి అభిప్రాయాలు రాసేవారు. ఆ తర్వాత మా కమిటీ బల్ల చుట్టూ కూర్చుని, వాదించుకుని, మార్కులు వేసేది. దరఖాస్తులన్నీ చదివి, ఒక్కోదానికీ అందరికీ అర్థమయ్యే భాషలో ఒక పేజీ సారాంశం రాయడం నా పని. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ ఉక్కు ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పనిచేశాడు. నేను ఎమ్మెస్సీ చదివాను. కఠినమైన సంగతిని మా నాన్నకి అర్థమయ్యేలా చెప్పడం చిన్నప్పటి నుంచీ నాకు అలవాటు. అదే నాకు ఉద్యోగమైంది.

కమిటీకి పెద్ద ఒక బెంగాలీ సర్జన్. తల నెరిసిన మనిషి, మాట తక్కువ. మిగతావాళ్లు జన్యువులనీ కణాలనీ వాదించుకుని అలిసిపోయాక, ఆయన కళ్లజోడు తీసి బల్ల చివర కూర్చున్న నా వైపు తిరిగేవాడు. "సరే, మామూలు మనిషి దీనికేమంటాడు?" అనేవాడు. అందరూ నన్ను చూసేవారు. నేను గొంతు సవరించుకుని, పేషెంటు ఏమనుకుంటాడో, ఇంట్లోవాళ్లకి ఏం కావాలో చెప్పేదాన్ని. నాకు ఓటు లేదు. అయినా నేను చెప్పాక మార్కులు అటూ ఇటూ కదలడం నేను చూశాను. మా అకౌంటెంటు నా కుర్చీకి 'మామూలు మనిషి కుర్చీ' అని పేరు పెట్టాడు. వెక్కిరింపుకే అన్నాడు గానీ నాకు అది బిరుదులాగే వినిపించేది. జీవితంలో జ్వరానికి మించిన జబ్బు ఎరగని నేను, ఇన్నేళ్లూ క్యాన్సర్ పేషెంట్ల తరఫున మాట్లాడుతున్నానన్న ఆలోచన నాకు రాలేదు. ఎవరికీ రాలేదు.

చివరికి సంస్థ పెట్టినవాళ్ల పిల్లలకి వచ్చింది. కమిటీలో ఇక నుంచి పేషెంట్లు కూడా ఉండాలి, వాళ్లకీ నిపుణులతో సమానంగా మార్కులుండాలి అన్నారు. నేను పెద్ద డాక్టరుగారి ముఖం చూశాను. ఆయన అభ్యంతరం చెబుతాడనుకున్నాను. "ఎప్పుడో చేయాల్సిన పని," అన్నాడాయన, ఉత్సాహంగా. ఆ 'ఎప్పుడో' నాకు ముల్లులా గుచ్చుకుంది.

ఇద్దర్ని ఎంచుకున్నారు. ఒకాయన పేగు క్యాన్సర్ నుంచి బయటపడ్డ రిటైర్డ్ రైల్వే గార్డు, నెమ్మదస్తుడు. రెండో ఆమె మా తెలుగావిడే. భుయ్యాడీహ్‌లో ఇల్లు, సీతారాండేరాలో సొంత బ్యూటీ పార్లరు. నోటి క్యాన్సర్‌కి ఆపరేషనయి, ఎడమ దవడ ఎముక కొంత తీసేశారు. వాళ్లిద్దరికీ కమిటీ పని నేర్పే బాధ్యత నామీదే పెట్టారు. పెద్ద పెళ్లాం చేతే సవతికి వంట నేర్పించినట్టు అనిపించింది నాకు.

మొదటిసారి పార్లరుకి వెళ్లేసరికి ఆమె ఒక పెళ్లికూతురి కనుబొమలు దిద్దుతోంది. ముఖం ఎడమవైపు లోపలికి పోయి ఉంది. దాని మీద శ్రద్ధగా పౌడరు, కళ్లకి కాటుక, పెదాలకి ఎర్రటి రంగు. అంత సోకు నేను ఊహించలేదు. పేషెంటంటే నా మనసులో ఇంకో రకం మనిషి ఉండేది.

"రా అప్పా, కూకో," అంది. అప్ప అంటే మావైపు అక్క. మొదటి చూపులోనే వరస కలిపేసింది. మాట కొంచెం ముద్దగా వస్తుంది, పళ్ల మధ్య నుంచి. నోరు ఒక వేలు దూరేంత మాత్రమే తెరుచుకుంటుంది. ఆపరేషనూ కరెంటూ అయ్యాక దవడ బిగుసుకుపోయిందట. రేడియేషన్‌ని మావాళ్లు కరెంటు పెట్టడం అంటారు.

నేను రాసిన సారాంశాలు ఆమె చేతికిచ్చాను. కుర్చీలో వెనక్కి వాలి చదివింది. చదవడం అయ్యాక నా వంక చూసి, "ఏటప్పా, ఇలగ రాసినావు?" అంది.

"ఏం, అర్థం కాలేదా?"

"అర్థమయింది. చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పినావు గదా, ఎందుకర్థం కాదు! 'ఈ పరిశోధన వల్ల ఎందరో జీవితాల్లో వెలుగు వస్తుంది' అన్నావు. ఎవులికి వత్తాది, ఎప్పుడొత్తాది? అది చెప్పనేదు. పని చెయ్యకపోతే ఏటవుద్దో అదీ చెప్పనేదు. మాకు భయమని దాసేసినావా?"

పెళ్లికూతురు అద్దంలోంచి నన్నే చూస్తోంది. పద్దెనిమిదేళ్లుగా నా సారాంశాల్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. "నిపుణులు బాగున్నాయంటారు," అన్నాను.

"ఆళ్లకి బాగుంటాయి," అంది ఆమె, దువ్వెన తీసుకుంటూ. కోపంగా అనలేదు. అందుకే ఇంకా మండింది నాకు.

మొదటి సమావేశం రోజున బల్ల దగ్గర చోటు చాలలేదు. అకౌంటెంటు నా కుర్చీని గోడవారకి జరిపి, ఆ చోట ఆమె కుర్చీ వేశాడు. నేను గోడకి ఆనుకుని, ఒళ్లో కాగితాలు పెట్టుకుని, ఎవరేమన్నారో రాసుకుంటూ కూర్చున్నాను. అక్కడి నుంచి నాకు ఆమె జడ కనిపించేది. దాంట్లో మల్లెపూలు.

ఆ రోజు ఆమె చేసిన పొరపాట్లు ఒక్కొక్కటీ నాకిప్పటికీ గుర్తే. మాట్లాడమన్నప్పుడు తన ఆపరేషను కథ మొదలుపెట్టి ఎంతకీ ఆపలేదు. ఎలుకల మీద చేసే ప్రయోగాన్ని మనుషుల మీద చేస్తారనుకుని కంగారుపడింది. ఒక దరఖాస్తుకి బదులు ఇంకోటి చదువుకొచ్చింది. లోపల్లోపల నేను పండగ చేసుకుంటున్నాను. ఇప్పుడు పెద్ద డాక్టరుగారు కళ్లజోడు తీసి నా వైపు తిరుగుతారు అనుకున్నాను. ఆయన కళ్లజోడు తీశాడు. కానీ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆమె మాటే వింటున్నాడు. ఎండ ఆమె కళ్లలో పడుతోందని లేచి వెళ్లి కిటికీ తెర తనే లాగాడు. అన్నేళ్లలో ఆయన నా కోసం కుర్చీలోంచి లేచిన రోజు లేదు.

ఆ సాయంత్రం ఇంట్లో చపాతీలు మాడిపోయాయి. మా ఆయన ప్లాంటులో క్రేను నడిపిన మనిషి, దేనికీ బెదరడు. "ఎవులి మీదో కోపం పెనం మీద చూపెడితే ఎలగ?" అన్నాడు. నేను ఆమె కథ మొదలుపెట్టాను. ఆమె లిప్‌స్టిక్కు గురించీ, మల్లెపూల గురించీ, జబ్బుని అడ్డం పెట్టుకుని అందరి జాలీ దోచుకోవడం గురించీ చెప్పుకుపోయాను. మా అమ్మాయి ఫోను లోంచి తలెత్తి, తెలుగులో చెప్పినదానికి ఎప్పటిలాగే హిందీలో జవాబిచ్చింది. "మమ్మీ, ఆప్ జల్ రహీ హో." నువ్వు ఆమెని చూసి మండిపోతున్నావు, అంతే, అని. నేను చెంప పగలగొడతానన్నాను. అది నవ్వి మళ్లీ ఫోనులోకి వెళ్లిపోయింది.

ఆ తర్వాతి నెలల్లో ఆమె పని నేర్చుకుంది. అది నేను సంతోషంగా చెప్పే మాట కాదు. పార్లరులో ఎవరూ లేని మధ్యాహ్నాలు నాకు ఫోను చేసి, ఈ మాటకి అర్థమేటి, ఇందులో సగంమందికి మందు ఇవ్వరేటి, ఎందుకివ్వరు అని అడిగేది. నేను చెప్పేదాన్ని. సరిగ్గానే చెప్పాను, ఒక్క మాట దాచలేదు. అందులో నాకు పట్టింపు ఎక్కువ. అయితే ఆమె త్వరగా పట్టేసుకున్న రోజున నాకు అన్నం సయించేది కాదు. నా సారాంశాల తీరు కూడా మారింది. కమిటీలో అందరూ మెచ్చుకున్నారు, మెచ్చుకుంటూ ఆమె వైపు చూశారు.

అసలు రోజు శీతాకాలంలో వచ్చింది. ఆఖరికి రెండు దరఖాస్తులు మిగిలాయి, ఇవ్వగలిగింది ఒక్కదానికే. ఒకటి, నోట్లో వచ్చే తెల్లమచ్చల్లో ఏది క్యాన్సర్‌గా మారుతుందో ఉమ్మి పరీక్షతో ముందే చెప్పవచ్చా అని. రెండోది, దవడ ఆపరేషనైన వాళ్లకి కరెంటు మొదలుపెట్టక ముందు నుంచే నోటి కసరత్తులు చేయించడం. పళ్ల మధ్య సన్నటి చెక్కపుల్లలు పెట్టి, రోజురోజుకీ ఒకటి పెంచుకుంటూ పోవాలి. ఇంటికెళ్లాక కూడా ఫోనులో చూస్తూ చేయించాలి. అలా చేస్తే దవడ బిగుసుకోకుండా ఉంటుందా లేదా తేల్చాలి.

ఆమె దేనికి మార్కులు వేస్తుందో అందరికీ ముందే తెలుసు. నాకూ తెలుసు. ఆమె గెలిచే రోజు అది. నేను గోడవారన కూర్చుని పెన్ను క్యాప్ నములుతున్నాను.

మార్కులు ఒక్కొక్కరూ చదివారు. గార్డుగారు కసరత్తులకి మంచి మార్కు వేశాడు. కోల్‌కతా నుంచి వచ్చే జీవశాస్త్రవేత్త ఉమ్మి పరీక్షని చీల్చి చెండాడి, కింది మార్కు వేశాడు. ఆమె వంతు వచ్చింది. కసరత్తుల దరఖాస్తుకి ఆమె వేసింది అందరికంటే తక్కువ మార్కు.

పెద్ద డాక్టరుగారు మెల్లగా, "ఎందుకో చెబుతారా?" అని హిందీలో అడిగాడు.

ఆమె హిందీలోనే మొదలుపెట్టింది. పద్ధతి బాగోలేదంది, ఇంటి దగ్గర ఎవరు చేస్తారంది, పుల్లలు గుచ్చుకుంటాయంది. చెప్పేకొద్దీ మాట ముద్దయిపోయింది. ఆగిపోయింది. కుర్చీ వెనక్కి జరిపి నా వైపు తిరిగింది.

"అప్పా, నేను తెలుగులో చెప్తాను. నువ్వు ఆళ్లకి చెప్పు. హిందీలో నాకు అబద్ధాలే వత్తన్నాయి."

నేను లేచి నిలబడ్డాను.

"ఆ కాగితం మంచిదే," అంది. "మూడుమాట్లు చదివినాను. చదివినప్పుడల్లా తప్పులెతికినాను. నాకు ఆపరేషనయినప్పుడు ఈ పుల్లల సంగతి ఎవులూ చెప్పనేదు. చెప్పుంటే చేసేదాన్ని. ఇప్పుడెవులో కొత్తోళ్లు వత్తారు, ఆళ్లకి అన్నీ టైముకి చెప్తారు, ఆళ్లు నోరు తెరిచి నవ్వుతారు. నాకు కుళ్లొచ్చింది అప్పా. ఇంకా జబ్బే పుట్టని పేషెంట్ల మీద కుళ్లొచ్చింది. అందుకే ఆ మార్కు ఏసినాను. అది తీసీమని చెప్పు."

ఒక్కో వాక్యం ఆమె చెబుతుంటే నేను హిందీలో చెప్పుకుంటూ వచ్చాను. ఇలాంటిచోట 'ఆమెకి' అని మార్చి చెప్పకూడదు, మాట్లాడేవాళ్లు 'నేను' అంటే మనమూ 'నేను' అనే చెప్పాలి. అది నేనే అందరికీ నేర్పిన పద్ధతి. కాబట్టి ఆ నిపుణులందరి ముందూ నిలబడి, నా గొంతుతో, "ముఝే జలన్ హోతీ హై," అన్నాను. నాకు కుళ్లుగా ఉంది. సంవత్సరం పాటు నా గొంతులో అడ్డం పడి ఉన్న మాట అది. ఇంకొకరి మాటగా బయటికొచ్చింది. ఆ మాట కూడా నాకంటే ముందు ఆమే అనేసింది కదా అని, అప్పుడు కూడా, సరిగ్గా ఆ క్షణంలో కూడా, నాకు కుళ్లుగానే ఉంది.

గార్డుగారు తలపాగాలా చుట్టుకున్న మఫ్లరు విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. జీవశాస్త్రవేత్త గొంతు సవరించుకుని, తన మార్కుల కాగితం ఒకసారి వెనక్కి ఇవ్వమన్నాడు. పెన్ను తీసి ఉమ్మి పరీక్ష మార్కు కొట్టేసి, ఇంకోటి వేసి ఇచ్చాడు. ఎక్కువే వేశాడు. కారణం ఎవరూ అడగలేదు. అలాంటి పరీక్ష మీద ఆయన తనే పనిచేస్తున్నాడనీ, ఎక్కడా సాయం దొరకలేదనీ మా అందరికీ ఎప్పటి నుంచో తెలుసు.

పెద్ద డాక్టరుగారు కళ్లజోడు తీశాడు. ఏడాది తర్వాత మొదటిసారి గోడవార నా వైపు తిరిగాడు. "మామూలు మనిషి ఏమంటాడు?" అన్నాడు.

ఆ ప్రశ్న కోసం నేను ఎంత కాచుకుని కూర్చున్నానో! కసరత్తుల గురించి చక్కటి మాటలు కూర్చి పెట్టుకున్నాను కూడా. నోరు తెరిచాను. "నాకేమీ తోచడం లేదు సార్," అన్నాను. కూర్చున్నాను.

రెండింట్లోనూ ఆమె మార్కులు తీసేసి, మిగిలినవి కూడితే కసరత్తులే నిలిచాయి, కొద్ది తేడాతో. ఉమ్మి పరీక్షవాళ్లని లోపాలు సరిచేసుకుని వచ్చే ఏడాది మళ్లీ రమ్మన్నారు. అంతా లేవబోతుంటే ఆమె ఒక్క మాట అడిగింది, ఈసారి హిందీలోనే. "పాత పేషెంట్లని ఇందులో తీసుకోరు కదా?"

"తీసుకోకూడదమ్మా," అన్నాడు జీవశాస్త్రవేత్త, చాలా మెత్తగా. "కొత్తవాళ్లనీ పాతవాళ్లనీ కలిపితే ఏదీ తేలదు."

"తెలుసు. ఊరికే అడిగాను," అంది.

పెద్ద డాక్టరుగారు కారులో దింపుతానన్నా ఆమె ఒప్పుకోలేదు. ఇద్దరం షేర్ ఆటో ఎక్కాం. శీతగాలికి ఆమె దుపట్టా ముఖానికి చుట్టుకుంది. బయటికి చూస్తూనే, "నీకు నా మీద కుళ్లు గదా అప్పా?" అంది.

ఆటోలో ఇంకో ఇద్దరున్నారు. వాళ్లకి తెలుగు రాదని ధైర్యం. "అవును," అన్నాను.

"నాకు తెలుసు. కుర్చీ జరిపిన దినం నీ ముఖం చూసినాను." నవ్వింది. "నాకూ నీ మీద కుళ్లే."

"నా మీదా? దేనికి?"

"మీటింగులో టీ టైముకి సింగాడాలు పెడతారు గదా. నువ్వు ఒక చేత్తో కాగితాలు తిప్పుకుంటా, ఇంకో చేత్తో సింగాడా పట్టుకుని ఒక్క కొరుకులో సగం కొరికీత్తావు. ఏం తింటన్నావో కూడా చూడవు. నేను ఎనక్కి తిరిగి నిన్నే చూసేదాన్ని. పెద్ద డాక్టరు ఏం చెప్తన్నాడో సగం ఇననేదు."

సమోసాని మా ఊళ్లో సింగాడా అంటారు. అన్ని సమావేశాల్లోనూ నేను తిన్నాను. ఏదీ గుర్తులేదు, ఒక్కదాని రుచి కూడా. ఆమె ఎదురుగా తింటున్నానన్న సంగతి నా తలలోకే రాలేదు. ఆమె చెయ్యి పట్టుకున్నాను. "వదులు, ఈ చెయ్యి రేపు పెళ్లికూతురికి మెహందీ పెట్టాలి," అంది, తీసేసుకోకుండానే.

ఆ రోజుతో మా మధ్య అసూయ పోయిందని రాస్తే మీకు బాగుంటుంది. పోలేదు. ఆమె కమిటీలో ఉన్నన్నాళ్లూ పెద్ద డాక్టరుగారు ఆమెనే ముందు అడిగేవాడు, నాకు ముందు మండేది, తర్వాత నవ్వొచ్చేది. అంతే తేడా. పిల్లలకి నేను చెప్పగలిగింది కూడా అంతే. మార్కులు వేసేవాళ్ల మనసులో మంటలుంటాయి, రాసుకునేవాళ్ల మనసులోనూ ఉంటాయి. మీకు ఉండవని మాత్రం అనుకోకండి.

నేను రిటైరవబోయే ఏడాది కసరత్తుల పరిశోధన ముగిసింది. అద్భుతాలేమీ జరగలేదు. కొందరికి బాగా గుణం కనిపించింది, కొందరికి కొంచెం, మధ్యలో మానేసినవాళ్లూ ఉన్నారు. ఫలితాలు చెప్పే సభకి, అందులో పాల్గొన్న ఒక అమ్మాయి కూడా వచ్చింది. ఆపరేషను మచ్చ మా పార్లరావిడ మచ్చకి అద్దంలో ప్రతిబింబంలా కుడివైపు ఉంది. సభ అయ్యాక ఆ అమ్మాయి ఆమెని వెతుక్కుంటూ వచ్చి, "దీదీ, మీరేనట కదా కమిటీలో!" అని కాళ్లకి దండం పెట్టింది. నేను పక్కనే నిలబడ్డాను. నా వైపు చూడనైనా లేదు.

ముగ్గురం బయటికొచ్చాం. గేటు దగ్గర గుప్‌చుప్ బండి ఉంది. పానీపూరీకి ఇక్కడి పేరది. ఆ అమ్మాయి ఆగిపోయింది. "దీదీ, ఒక్కటి," అంది సిగ్గుపడుతూ. బండివాడు నీళ్లు నింపిన పూరీ దొన్నెలో పెట్టాడు. పిల్ల తల కొంచెం వెనక్కి వాల్చి, మెల్లగా, కష్టపడి, నోరు పెద్దగా తెరిచింది. పూరీ మొత్తం లోపలికి పోయింది. కారం నీళ్లు గడ్డం మీదుగా కారాయి. కళ్లు మూసుకుని నమిలింది.

మా పార్లరావిడ ఆ నోటినే చూస్తోంది. నేను ఆమెని చూస్తున్నాను.

"కడుపు మండిపోతంది అప్పా," అంది నాకు మాత్రమే వినపడేలా. తర్వాత బండివాడి వైపు తిరిగి, "భయ్యా, ఔర్ దో. దీనికి ఇంకా పెట్టు," అని కేకేసింది. నా చేతిలోనూ ఒక దొన్నె పెట్టింది.

"నాకొద్దు," అన్నాను. ఆమె ముందు తినబుద్ధి కాలేదు.

"ఏటి అలగ చూత్తన్నావు? తిను," అంది నా మోచెయ్యి పైకెత్తుతూ. "పెద్దగా తెరు నోరు. నేను చూత్తాను."